గులాబ్‌బీ బోరు మీద సర్కారు చల్లని చూపు

మీ బోరు నీళ్లలో డీజిల్ వాసన వస్తోందా? అయితే వెంటనే వీధంతా మిఠాయిలు పంచండి. మీ అంత అదృష్టవంతులు ఈ జిల్లాలో లేరు!

నవ్వకండి. నేను ఏది రాసినా వేళాకోళమే అనుకునే పాఠకులు కొందరున్నారు. ఇది చాలా సీరియస్ వ్యాసమని వాళ్లకు ముందే మనవి చేసుకుంటున్నాను. అసలు ఈ దేశంలో సామాన్యుడి బాధేమిటి? సర్కారు తనవైపు చూడటం లేదనే కదా! రోడ్డు గుంతలు పడినా చూడదు, పింఛను ఆగినా చూడదు. కానీ నేలలో డీజిల్ ఇంకిందనుకోండి, దాన్ని చూడటానికే ఒక విభాగం ఉంది. ఆ చూడటాన్ని పర్యవేక్షణ అంటారు. చూశాక ఏం చేస్తారని మాత్రం అడగకండి. చేయడం ఇంకెవరి పనో అయి ఉంటుంది.

నమ్మకం కుదరకపోతే, ప్రొద్దుటూరులో జమ్మలమడుగు రోడ్డు మీద ఉగ్గాని అమ్మే గులాబ్‌బీ కథ వినండి.

గులాబ్‌బీ పద్నాలుగేళ్లుగా ఇంటి ముందు రేకుల పందిరి కింద ఉగ్గాని, మిరపకాయ బజ్జీలు అమ్ముతోంది. ఉగ్గాని తెలియని కోస్తా పాఠకుల కోసం ఒక్క మాట. బొరుగులను, అంటే మరమరాలను, నీళ్లలో ముంచి, మెత్తబడగానే తీసి, గట్టిగా పిండి తాలింపులో వేస్తారు. బొరుగు అంత అమాయకపు పదార్థం ఇంకొకటి లేదు. ఏ నీళ్లలో ముంచితే ఆ నీళ్ల రుచినీ వాసననూ మొత్తం తాగేస్తుంది. కాబట్టి గులాబ్‌బీ ఉగ్గానికి ఊళ్లో పేరొచ్చింది పుట్నాలపొడి వల్ల కాదు, ఇంటి వెనక ఉన్న బోరు వల్ల. ఆ నీళ్లు అంత తియ్యన! ఆటోవాళ్లు, బంగారు అంగళ్లలో పనిచేసేవాళ్లు పొద్దున ఏడుకల్లా పందిరి కింద చేరిపోయేవాళ్లు. మొగుడు పోయిన తర్వాత ఆమె సంసారం నడిచింది ఆ బోరు మీదే. కూతురు రేష్మాను నర్సింగులో చేర్చింది కూడా ఆ బోరు మీదే.

ఆ బోరుకు పది గజాల దూరంలో, గోడ అవతల, ఒక పెట్రోలు బంకు ఉంది. బంకు కింద భూమిలో ఒక పాత ట్యాంకు ఉంది. ఎంత పాతదంటే, దాన్ని పూడ్చినవాళ్లకు కూడా అది ఎక్కడుందో సరిగ్గా గుర్తులేదు.

ఒకరోజు పొద్దున ఆటో షాహుల్ మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని ఆగిపోయాడు.

"అక్కా, ఈ పొద్దు తాలింపు నూనెతో పెట్టినావా, డీజిల్‌తో పెట్టినావా?"

అందరూ నవ్వారు. గులాబ్‌బీ కూడా నవ్వుతూనే ఒక ముద్ద నోట్లో వేసుకుంది. ఆ తర్వాత ఆమె నవ్వలేదు. లోపలికి పోయి బిందెలోకి తొంగిచూస్తే, నీళ్ల మీద రంగురంగుల పొర తేలుతోంది.

ఇక్కడి నుంచే ఆమెకు మంచిరోజులు మొదలయ్యాయి. ఒక్కొక్కటే చూడండి. దోమలు పోయాయి. సాయంత్రమైతే రెండు బిందెల నీళ్లు అడిగే ఎదురింటావిడ అడగడం మానేసింది. పెండ్లిమర్రి నుంచి వచ్చి వారం రోజులు మకాం వేసే ఆడబిడ్డ, ఒక్క గ్లాసు నీళ్లు తాగి మధ్యాహ్నం బస్సుకే వెళ్లిపోయింది. అన్నిటికంటే గొప్ప సంగతి, ఆ వీధిలో మగవాళ్లంతా బీడీలు మానేశారు! అగ్గిపుల్ల గీయాలంటే భయం. ఎన్ని పోస్టర్లు అంటించినా, ఎన్ని ఉపన్యాసాలు ఇచ్చినా జరగని పని ఇది. ఇంత మేలు చేసిన డీజిల్‌ను కాలుష్యం అనడానికి మనకు నోరెలా వస్తుంది?

కానీ గులాబ్‌బీ చదువుకున్న మనిషి కాదు కదా, ఈ లాభాలేవీ ఆమెకు తట్టలేదు. ఆమెకు తట్టింది ఒక్కటే. బొరుగులు ముంచడానికి నీళ్లు లేవు. వ్యాపారం సగానికి పడిపోయింది. నేరుగా బంకుకు పోయి మేనేజరును అడిగింది.

"సార్, మీ డీజిల్ నా బోరులోకి వస్తాంది."

మేనేజరు న్యాయం తెలిసినవాడు. తాపీగా చెప్పాడు.

"వస్తాంది అంటావేందమ్మా? మా డీజిల్ మా ట్యాంకులో దాని మానాన అది పడుండేది. నీ బోరే దాన్ని గుంజుకుంటాంది. మేం కేసు పెట్టకుండా ఊరుకున్యాం చూడు, దానికి సంతోషపడు."

ఆ ముక్కతో ఆమెకు ఒళ్లు మండిపోయింది. సర్కారుకు అర్జీ పెట్టాలని ఆ క్షణమే తీర్మానించుకుంది.

ఇప్పుడు మన పర్యవేక్షణ వ్యవస్థ ఎంత సూక్ష్మంగా ఆలోచిస్తుందో చూడండి. నేలలో, నీళ్లలో ఇంధనం కలిస్తే చూసుకునే ఆ విభాగంలో మళ్లీ రెండు చేతులున్నాయి. మట్టి చెయ్యి జమ్మలమడుగులో ఉంటుంది. నీళ్ల చెయ్యి పులివెందులలో ఉంటుంది. రెండు చేతులూ కలిస్తే చప్పట్లు కొట్టినట్టవుతుందనో ఏమో, ఎప్పుడూ కలవవు.

గులాబ్‌బీ ముందు జమ్మలమడుగు బస్సెక్కింది. అక్కడి గుమాస్తా కళ్లజోడు సవరించుకుని అడిగాడు.

"మట్టి పొడిగా ఉండాదా, తడిగా ఉండాదా?"

"తడిగానే సార్. డీజిల్ తడి."

"పొడి మట్టి వరకే మాదమ్మా. తడి ఉంటే నీళ్ల లెక్కలోకి పోతాది. పులివెందులకు పో."

పులివెందుల పోయింది. అక్కడ ఇంకో గుమాస్తా, ఇంకో కళ్లజోడు.

"నీళ్లు యాడుండాయమ్మా?"

"భూమిలో సార్."

"భూమిలో అంటే మట్టిలోనే గదా! మట్టిలో ఉండేవన్నీ జమ్మలమడుగోళ్లవి."

ఇలా ఆరు వారాలు జరిగింది. పులివెందుల బస్సు కండక్టరు ఆమె కోసం కిటికీ పక్క సీటు ఆపి పెట్టే దాకా వచ్చింది. చీనీ, అదే బత్తాయి, తోటలు పూత మీద ఉన్నప్పుడు మొదలుపెట్టిన తిరుగుడు, పిందెలు పడిన తర్వాత కూడా ఆగలేదు. మామూలుగా అయితే ఆమె ఊరు దాటి ఎక్కడికి పోతుంది చెప్పండి? పర్యాటక శాఖ చేయలేని పని పర్యవేక్షణ శాఖ చేసిపెట్టింది!

చివరికి రేష్మా సెలవులకు వచ్చి ఈ చిక్కు విప్పింది. రెండు అర్జీలు రాసింది. "మా ఇంటి వెనక బొత్తిగా నీళ్లు లేని మట్టి చెడిపోయింది" అని జమ్మలమడుగుకు ఒకటి. "మట్టితో ఏ సంబంధమూ లేని నీళ్లు చెడిపోయాయి" అని పులివెందులకు ఒకటి. రెండూ ఒకే వారంలో పై అధికారుల బల్ల మీదికి చేరాయి. పులివెందుల ఫీల్డు ఆఫీసరు వెంకటేశును రెండిటికీ కలిపి పంపాలని ఉత్తర్వు వచ్చింది. ఆకస్మిక తనిఖీకి ఫలానా గురువారం పదకొండు గంటలకు వస్తారు, అందుబాటులో ఉండవలెనని వారం ముందే ఉత్తరం అందింది.

మన వైపు పెద్దమనుషులు వస్తున్నారంటే జనం చేసే మర్యాద మీకు తెలుసు కదా. వీధి వీధంతా కదిలింది. మునిసిపాలిటీవాళ్లు బ్లీచింగ్ పౌడరుతో దారికి రెండు వైపులా గీతలు గీసిపోయారు. ఇంటి వెనక గొర్రెలు మేపుకునే నాగేంద్రకు గులాబ్‌బీ అంటే అభిమానం. బోరు చుట్టూ నల్లగా, జిడ్డుగా ఉన్న నేలను చూసి అతనికి మనసొప్పలేదు.

"గులాబక్కా, ఆఫీసరు బూట్లకు జిడ్డు అంటుకుంటే మన వీధికి శానా చెడ్డపేరు. నువ్వు కదలొద్దు, నేను చూసుకుంటా."

ట్రాక్టరు తెచ్చి, కొండ దగ్గరి ఎర్ర గరుసు మట్టి తోలించి, మూడంగుళాల మందాన చక్కగా పరిచాడు. దాని మీద గులాబ్‌బీ నీళ్లు చల్లి ముచ్చటగా ఊడ్చింది. పెళ్లివారు దిగే విడిది ఇల్లు కూడా అంత శుభ్రంగా ఉండదు.

గురువారం వెంకటేశు వచ్చాడు. మంచి మనిషే. ఎండకు అలిసిపోయి పందిరి కింద కూలబడ్డాడు. బోరు పక్కన వంగి, రెండు పిడికెళ్ల మట్టి తీసి సంచిలో వేసుకున్నాడు. అది నాగేంద్ర తోలించిన గరుసు. తర్వాత తెల్లటి ప్లాస్టిక్ బాటిల్ ఒకటి గులాబ్‌బీ చేతికిచ్చాడు.

"నీళ్లు పట్టియ్యమ్మా."

ఇక్కడ ఒక పద్ధతి గురించి చెప్పాలి. దూరం నుంచి వచ్చిన మనిషి, ఎండలో మళ్లీ బస్సెక్కబోయే మనిషి, ఖాళీ బాటిల్ చేతికిస్తే గులాబ్‌బీ ఏం చేస్తుంది? పద్నాలుగేళ్లుగా ఎంతమంది బాటిళ్లు నింపి పంపలేదు! లోపలికి పోయింది. బాటిల్‌ను మూడుసార్లు కడిగింది. వచ్చిన మనిషికి డీజిల్ నీళ్లు ఇచ్చేంత పాపం తను ఎప్పుడూ చేయలేదు. వ్యాపారం కోసం కొనుక్కున్న మినరల్ వాటర్ క్యాను వంచి, మూతి దాకా నింపి, కొంగుతో తుడిచి తెచ్చి ఇచ్చింది. ఆయన దానికి లక్కతో సీలు వేస్తుంటే, దారిలో ఒలికిపోకుండా ఎంత జాగ్రత్త పడుతున్నాడో అనుకుంది పిచ్చితల్లి.

నెల తర్వాత రిపోర్టు వచ్చింది. మట్టిలో ఇంధనం ఆనవాళ్లు లేవు. నీళ్లయితే సీసాల్లో పెట్టి అమ్మేంత ప్రశస్తంగా ఉన్నాయి. ఇంతటి నాణ్యమైన భూగర్భజలం ఈ ప్రాంతంలో అరుదు కనుక దీన్ని కాపాడుకోవలెనని చివర్లో ఒక సలహా. బంకువాళ్లు ఆ రిపోర్టుకు ఫ్రేము కట్టించి, టైర్లకు గాలి పట్టే చోట తగిలించారు.

చదివి వినిపించింది రేష్మా. బాటిల్ సంగతి అప్పుడు అర్థమైంది గులాబ్‌బీకి. ఆమె పొయ్యి పక్కన కూలబడి ఏడ్చింది. బంకు మీద కోపంతో కాదు, సర్కారు మీద కోపంతో కాదు. కడుపు కొట్టే ఆ రిపోర్టుకు నీళ్లు పోసింది తన చేతులేనని ఏడ్చింది.

ఏడుపు అయిపోయాక మొహం కడుక్కుని పులివెందుల బస్సెక్కింది. వెంకటేశు ముందు నిలబడి జరిగింది జరిగినట్టు చెప్పింది. ఆయన తల పట్టుకున్నాడు.

"ఎంత పని చేస్తివమ్మా! ఇదంతా కాగితం మీద రాసిస్తే తప్పుడు శాంపిల్ ఇచ్చినావని నీ మీదే చర్య తీసుకోవాల్సి వస్తాది."

"తీసుకోండి సార్."

"భయం లేదా నీకు?"

"చర్య తీసుకోవాలంటే మీరు విచారణకు మళ్లా మా ఇంటికి రావాల్నే గదా. వచ్చినప్పుడు బాటిల్ తెచ్చుకోండి."

వెంకటేశు నవ్వేశాడు. ఆమె రేష్మాతో రాయించుకొచ్చిన కాగితం తీసుకున్నాడు. ఈ మాట ఆఫీసులో తల పండిన గుమాస్తాలకు కూడా ఇన్నేళ్లలో తట్టలేదని తర్వాత ఎవరితోనో అన్నాడట.

రెండోసారి తనిఖీకి గులాబ్‌బీ పూర్తిగా సిద్ధమైంది. అంటే, ఏమీ చేయలేదు. ముందురోజే పార పట్టుకుని గరుసంతా గీకి పారేసింది. నాగేంద్ర మళ్లీ ట్రాక్టరు తెస్తానంటే చేతులు జోడించింది.

"నీకు దండం పెడతా అబ్బీ. ఒక్క పొద్దు మన మర్యాద పక్కన పెట్టు."

పుట్టి బుద్ధెరిగినాక మొదటిసారి వాకిలి ఊడ్వలేదు. పొద్దున్నే బోరు పక్కన స్టూలు వేసుకుని కూర్చుంది. చీపురు పట్టుకుని వచ్చిన ఎదురింటావిడను దూరం నుంచే అదిలించింది. వెంకటేశు బాటిల్ తీయగానే, ఆయన చేతిలోనే ఉంచి, మోటరు ఆన్ చేసి పైపు దాని మూతికి పెట్టింది. మట్టి కూడా ఆయన చేతే తవ్వించింది, మోకాలి లోతు.

ఈసారి రిపోర్టు పదిహేను రోజులకే వచ్చింది. మట్టిలో డీజిల్! నీళ్లలో డీజిల్! ఉండాల్సిన దానికంటే నలభై రెట్లు! తాగే నీళ్లు విషమని తెలిసి ఒక వీధి వీధంతా పండగ చేసుకోవడం మీరెక్కడైనా చూశారా? గులాబ్‌బీ ఆరోజు వచ్చినవాళ్లకు వచ్చినట్టు బజ్జీలు పెట్టింది. షాహుల్ ఆటోలో పాటలు పెట్టాడు. ఇక ట్యాంకు తవ్వుతారు, చెడిన మట్టి ఎత్తిపోస్తారు, నీళ్లు తోడిపోస్తారు, తన బోరు నీళ్లు మళ్లీ తియ్యగా అవుతాయి అని ఆమె ఆశపడింది. వచ్చే ఏడు రేష్మా చదువుకు ఢోకా లేదనుకుంది.

శుద్ధి ఉత్తర్వు కూడా వచ్చింది. మన వ్యవస్థ ఒకసారి కదిలిందంటే ఆగదు! "కాలుష్యం బయటపడిన స్థలమును గుర్తించి తక్షణమే మూసివేయవలెను" అని స్పష్టంగా రాశారు.

కాలుష్యం ఎక్కడ బయటపడింది? బంకులోనా? అక్కడ ఎవరూ శాంపిల్ తీయలేదు కదా! బయటపడింది గులాబ్‌బీ బోరులో.

మరుసటి మంగళవారం ఇద్దరు కూలీలు రెండు బస్తాల సిమెంటుతో వచ్చి, మోటరు పీకి పక్కన పెట్టి, బోరు గొట్టంలో కాంక్రీటు పోసి మూత బిగించారు. పక్కన ఎర్రబోర్డు పాతారు. గులాబ్‌బీ అడ్డం పడింది. బోరు మీద కూర్చుంది. "ట్యాంకు ఆడుంటే సిమెంటు ఈడ పోస్తారేందప్పా!" అని అరిచింది. కూలీలు పాపం ఏం చేస్తారు, ఉత్తర్వు చూపించారు. వాళ్లతో వచ్చిన వెంకటేశు తల దించుకుని నిలబడ్డాడు.

"బంకు కింద తవ్వాలంటే బంకు మూయాలమ్మా. మూస్తే ప్రజలకు ఇబ్బంది అంటాండారు పైవాళ్లు."

ఆమె కూడా ప్రజలే కదా అని మీకు అనుమానం రావచ్చు. అలాంటి అనుమానాలతోనే దేశం వెనకబడిపోతోంది. వేరే దేశాల్లో చూడండి, ఒక లీటరు ఇంధనం ఇంకితే చాలు, ట్యాంకు పైకి తీసి, మట్టి మోసుకుపోయి, ఏళ్ల తరబడి నీళ్లు తోడి, కడిగి, మళ్లీ కొలిచి చస్తారు. పాపం, వాళ్లకు మన తెలివి లేదు. మనం రెండు బస్తాల సిమెంటుతో ఒక్క పూటలో పని ముగించాం.

అంతటితో వదిలేస్తామా? పర్యవేక్షణ అంటే నిరంతరం చూడటం. ప్రతి మూడు నెలలకూ మనిషి వస్తాడు. కాంక్రీటు మూతకు ఫోటో తీస్తాడు. "బోరు మూసి ఉన్నందున శాంపిల్ దొరకలేదు. దొరకనందున కాలుష్యం నమోదు కాలేదు" అని రాసుకుపోతాడు. అలా మూడుసార్లు నమోదు కాకపోతే ఆ స్థలం నిబంధనల ప్రకారం శుద్ధి అయినట్టే. పోయిన నెలలో ఆ సర్టిఫికెట్ కూడా వచ్చేసింది. కాబట్టి పాఠకులారా, గులాబ్‌బీ ఇంటి వెనక నేల ఇప్పుడు అధికారికంగా పరిశుభ్రం. నా వాదన నెగ్గినట్టే కదా?

ఒక్క చిన్న ఇబ్బంది. ఈ ఉత్తర్వులు, సర్టిఫికెట్లు చదవగలిగిన వాళ్లకే తెలుస్తాయి. డీజిల్‌కు చదువు రాదు. అది నేల కింద తన దారిన తాను, పల్లం చూసుకుని పెన్న వైపు నడుస్తూనే ఉంది.

మొన్న పొద్దున గులాబ్‌బీ క్యాను నీళ్లలో బొరుగులు ముంచుతోంది. ఒకప్పుడు రెండు గంపల ఉగ్గాని అమ్ముకునే మనిషి, ఇప్పుడు అర గంపే. నీళ్లు కొనాలి కాబట్టి కొలిచి పోసుకుంటోంది. రేష్మా ఈ ఏడు కాలేజీకి పోలేదు, పొయ్యి దగ్గర బజ్జీలు వేస్తోంది. నాగేంద్ర వచ్చి పందిరి గుంజకు ఆనుకుని నిలబడ్డాడు. ఉగ్గాని అడగలేదు.

"గులాబక్కా, రెండు దినాల నుంచి గొర్రెలు మా బోరు తొట్టిలో మూతి పెట్టడంలే. నేను వాసన చూస్తి. అదే వాసన."

గులాబ్‌బీ చేతిలోని బొరుగులను పిండటం ఆపింది. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి.

"అర్జీ పెడతా అక్కా. రేష్మాకు చెప్పి రెండు కాగితాలు రాయించు. ఒకటి ఆడికి, ఒకటి ఈడికి."

"రాయిస్తాలే అబ్బీ" అంది గులాబ్‌బీ. చేతిలోని బొరుగులు పిండి గంపలో వేసింది. తర్వాత తడి చేతులతోనే అతని మోచెయ్యి పట్టుకుని దగ్గరికి లాగి, ఎవరూ వినకుండా మెల్లగా చెప్పింది.

"కానీ ముందు ఇంటికి పో. పోయి, నీ బోరు మీద గడ్డివాము ఏసి దాచిపెట్టుకో. వాళ్లకు డీజిల్ దొరికినా దొరకపోయినా, బోరు మాత్రం కంట్లో పడగూడదు."